కోరి నుంచి హినాతావాదా దాకా: రెండు చిన్న స్టేషన్ల మధ్య ఒక రోజు కొండ నడక (తరచుగా అడిగే ప్రశ్నలు)

టోక్యోలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు, సెలవులకి ఇక్కడికి వచ్చే వాళ్ళ చుట్టాలు ఈ నడక గురించి నన్ను అడిగేవన్నీ ఇంచుమించు ఒకే ప్రశ్నలు. ప్రతి శుక్రవారం రాత్రి అవే జవాబులు ఫోన్లో కొట్టి కొట్టి వేళ్ళు నొప్పెట్టాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు ఇది ఎక్కడ? ఏం నడక?

టోక్యోకి పడమటి చివర, తామా నది లోయలో. అక్కడిదాకా వెళ్ళే రైలు మార్గం పేరు ఓమే లైను. తాచికావాలో మొదలై, ఓమే ఊరు దాటాక నదిని పట్టుకుని వంకర్లు తిరుగుతూ ఓకుతామా దాకా పోతుంది. ఆ చివర్లో కోరి అనే చిన్న స్టేషన్ ఉంది. అక్కడ దిగి, నది దాటి, నాలుగు కొండలు ఎక్కి దిగి, అదే లైన్లో వెనక్కి ఏడో స్టేషన్ అయిన హినాతావాదాలో తేలతాం. రైల్లో ఇరవై నిమిషాల పైచిలుకు దూరం. కొండల మీదుగా అయితే రోజంతా పడుతుంది.

వరసగా వచ్చే కొండలు ఇవి: ఓత్సుకా-యామా 920 మీటర్లు, మితాకే-సాన్ 929, హినోదే-యామా 902, మిమురో-యామా 646. 'యామా' అన్నా 'సాన్' అన్నా కొండే. ఇదంతా టోక్యో పాలన కింద ఉన్న నేలే. షింజుకు మేడల మధ్య తిరిగేవాళ్ళకి ఈ మాట నమ్మబుద్ధి కాదు.

కారులో వెళ్ళి, ఎక్కి, దిగి, మళ్ళీ కారెక్కి వచ్చేస్తే సరిపోదా?

సరిపోతుంది. కానీ ఆ సుఖం వేరు, ఈ సుఖం వేరు. కారు ఒకచోట పెట్టామంటే దానికి కట్టేసిన గేదెలా ఎంత దూరం పోయినా గుంజ దగ్గరికే తిరిగి రావాలి. ఇక్కడ ఆ బాధ లేదు. పొద్దున ఒక ఊళ్ళో దిగుతాం, సాయంత్రం ఇంకో ఊళ్ళో ఎక్కుతాం. నడిచిన దారిలో మళ్ళీ అడుగు పెట్టం. జపాన్‌లో కొండలెక్కేవాళ్ళు స్టేషన్ నుంచి స్టేషన్‌కి నడిచే దారుల్ని ప్రత్యేకంగా వెతుక్కుంటారు. లోయలో రైలు, పైన గుట్టల వరస ఉన్న చోటల్లా అలాంటి దారి ఒకటి ఉండి తీరుతుంది. టోక్యో దగ్గరే ఉన్న తాకావో కొండ కూడా అలాంటిదే, కానీ ఆదివారం తాకావో మీద నడక అంటే క్యూలో నిలబడటమే. నా ఓటు దీనికే.

ఎంత కష్టం? అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా?

అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు ఎక్కిన అనుభవం ఉంటే అదే కొలత. కోరి నుంచి ఓత్సుకా శిఖరం దాకా ఎక్కే ఎత్తు 630 మీటర్లు, అంటే అలిపిరి దారికి ఓ మెట్టు తక్కువే. తేడా ఏమిటంటే ఇక్కడ రాతి మెట్లుండవు, పైన కప్పు ఉండదు, దారిలో బజ్జీలు, నిమ్మసోడా ఉండవు. వేర్లు, మట్టి, రాళ్ళు.

మొత్తం నడక దాదాపు 14 కిలోమీటర్లు. ఆగకుండా నడిస్తే ఆరు గంటలు, తిండికీ ఫొటోలకీ గుడికీ కలిపి ఎనిమిది. మీ నాన్నగారు రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడిచే మనిషైతే ఎక్కేస్తారు. దిగుడే అసలు పరీక్ష. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పూర్తి దారి పెట్టుకోవద్దు. వాళ్ళకి వేరే ఉపాయం ఉంది: మితాకే స్టేషన్ నుంచి బస్సు, ఆ పైన కేబుల్ కారు. ఆ కేబుల్ కారు 1934 నుంచి ఉంది. ఒక్కసారిగా 400 మీటర్ల పైన ఎత్తు తీసుకెళ్ళి వదులుతుంది. మీరు కోరి నుంచి ఎక్కి రండి, వాళ్ళు అలా రానివ్వండి, గుడి దగ్గర కలుసుకోండి. మా అమ్మ వచ్చినప్పుడు మేం చేసింది అదే. మేం చెమటలు కక్కుతూ చేరేసరికి ఆవిడ బెంచీ మీద కూర్చుని, భాష రాకపోయినా పక్కన ఉన్న జపనీస్ మామ్మగారితో చేతి సైగలతో కబుర్లాడుతోంది.

రైలు ఎలా పట్టుకోవాలి?

షింజుకు నుంచి చువో లైన్లో ఓమే దాకా. కొన్ని రైళ్ళు నేరుగా పోతాయి, కొన్నిటికి తాచికావాలో మారాలి. ఓమే తర్వాత లోయలోకి వెళ్ళే నాలుగు పెట్టెల చిన్న రైలు వేరే. ఓమేలో దిగి అదెక్కాలి. షింజుకు నుంచి కోరికి రెండు గంటలు వేసుకోండి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి-కసాయి నుంచైతే రెండున్నర. 2025 మార్చి నుంచి చువో రైళ్ళకి రెండు గ్రీన్ కార్ పెట్టెలు కూడా తగిలించారు. అదనంగా డబ్బు కడితే కూర్చుని కునుకు తీయొచ్చు. పొద్దున ఐదున్నరకి లేచినవాళ్ళకి అది దండగ ఖర్చేం కాదు.

ఓమే దాటాక రైళ్ళు గంటకి ఒకటో రెండో. అందుకే నా పద్ధతి ఇది: ముందు రోజు రాత్రి వెళ్ళే రైలుతో పాటు హినాతావాదా నుంచి తిరిగొచ్చే రైళ్ళ వేళలు కూడా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా, కాగితం మీద రాసుకుంటాను. నవ్వుకోండి ఫరవాలేదు. చలికి ఫోన్ చార్జింగ్ పడిపోయిన రోజున ఆ కాగితమే దిక్కు.

రైలు ఆగింది, తలుపు తెరుచుకోలేదు! పాడైపోయిందా?

లేదు. తలుపు పక్కన బొత్తాం ఉంటుంది, దాన్ని మీరే నొక్కాలి. నగరంలో తలుపులు వాటంతటవే తెరుచుకోవడం అలవాటై, మనం దాని ముందు నిలబడి చూస్తూ ఉంటాం. ఈలోగా రైలు కదిలిపోతుంది. ఇంకో సంగతి: చలికాలంలో ఎక్కిన వెంటనే లోపలి వైపు బొత్తాం నొక్కి తలుపు మూసెయ్యాలి. మూయకపోతే ఎవరూ ఏమీ అనరు, కానీ పెట్టెలో ఉన్న ముసలమ్మ ఒకావిడ మెల్లిగా లేచొచ్చి తనే నొక్కి వెళ్తుంది. ఎవరైనా తిట్టినా అంత సిగ్గనిపించదు.

స్టేషన్లో గేటు లేదు, మనిషి లేడు. టికెట్ సంగతేంటి?

కోరిలో గానీ హినాతావాదాలో గానీ నగరంలోలా తెరుచుకునే గేట్లుండవు. నడుము ఎత్తు స్తంభం ఒకటి నిలబెట్టి ఉంటుంది. రైలు చార్జీ కట్టే సుయికా కార్డు దానికి తాకించాలి. ఎక్కేటప్పుడు తాకించేది ఒకటి, దిగేటప్పుడు తాకించేది ఇంకొకటి, రంగూ రాతా చూసుకోండి. అడ్డంగా ఏమీ లేదు కదా అని కబుర్లలో పడి నేరుగా బయటికి నడిచేస్తే మీ ప్రయాణం కార్డులో అలా వేలాడుతూనే ఉంటుంది. మొదటిసారి నేను చేసిన ఘనకార్యం అదే. కొండ మీద ఎనిమిది గంటలు తిరిగి, సాయంత్రం ఎక్కబోతే స్తంభం కీచుమంది. చివరికి నగరంలో పెద్ద స్టేషన్ కౌంటర్లో, బురద బూట్లతో నిలబడి, వచ్చీరాని జపనీస్‌లో కథంతా చెప్పుకోవాల్సొచ్చింది. ఆయన ఓపిగ్గా విని సరిచేసి, చివర్లో 'కొండ ఎలా ఉంది?' అని అడిగాడు.

దారి ఎలా ఉంటుంది?

కోరి స్టేషన్ దిగితే ఎదురుగా పెద్ద రోడ్డు, దాని మీద ఒక కన్వీనియన్స్ స్టోర్. కొనాల్సినవేమైనా ఉంటే అక్కడే కొనుక్కోండి, గుడి ఊరు వచ్చేదాకా మళ్ళీ కొట్టన్నది లేదు. రోడ్డు దాటి వంతెన మీదుగా తామా నది అవతలికి. వంతెన మీద ఒక్క నిమిషం ఆగండి. కింద నీళ్ళు పచ్చగా, గాజులా ఉంటాయి. టోక్యో నగరంలో కాంక్రీటు గట్ల మధ్య బద్ధకంగా పారేది కూడా ఈ నదే.

ఊరి చివర జంతువులు పొలాల్లోకి రాకుండా కంచె, దానికో గేటు. తీసి లోపలికి వెళ్ళి మళ్ళీ గడియ పెట్టాలి. వెనక వచ్చేవాళ్ళున్నా సరే, వాళ్ళే తీసుకుంటారు. జింకలూ అడవిపందులూ ఒక్క రాత్రిలో కూరగాయల మడి ఖాళీ చేస్తాయి. మన పల్లెల్లో కోతులతో పడే పాట్లు తెలిసినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

గేటు దాటగానే సుగి అడవి. సుగి అంటే జపాన్ దేవదారు. నిటారుగా, వరసల్లో, ఒకే వయసు చెట్లు. అడవి అంటున్నాను గానీ నిజానికి ఇది తోట. ఎదో కాలంలో, అంటే టోక్యోకి ఎదో అన్న పేరున్న రోజుల్లో, ఈ కొండల్లో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి తామా నదిలో నగరానికి వదిలేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కరువై దేశమంతా కొండలకి సుగి, హినోకి మొక్కలే నాటారు. తర్వాత విదేశీ కలప చవగ్గా రావడంతో వీటిని కొట్టేవాళ్ళు తగ్గిపోయారు. అలా మిగిలిపోయిన చెట్లే ప్రతి వసంతంలో పుప్పొడి దులిపి సగం జపాన్‌ని తుమ్మిస్తున్నాయి.

ఈ సుగి నీడలో మొదటి గంటన్నర కొంచెం విసుగు, ఆ మాట దాచను. వెలుతురు తక్కువ, చూడ్డానికి ఏమీ కనబడదు, ఎక్కడం మాత్రం ఆగదు. చాలామంది 'ఇదేనా?' అనేది ఇక్కడే. ఆ తర్వాత చెట్లు మారతాయి. ఆకులు రాలే రకాలు మొదలవుతాయి, ఆకాశం కనబడుతుంది, గాలి తగులుతుంది. ఓత్సుకా శిఖరం మీద బల్లలున్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకి కోరిలో కదిలితే పదిన్నర, పదకొండుకి అక్కడ ఉంటారు. అక్కడి నుంచి మితాకే గుడి ఊరు ముప్పావు గంట, దాదాపు సమతలమే.

మితాకే గుడిలో తోడేలు ఏమిటి?

నాకు ఈ దారిలో అన్నిటికంటే ఇష్టమైనది ఈ గుడి ఊరే. 900 మీటర్ల ఎత్తున, కొండ కొమ్మున, ఇరవై చిల్లర పూజారుల ఇళ్ళు. వాళ్ళని ఓషి అంటారు. తరతరాలుగా యాత్రికులకి బస, భోజనం, పూజ అన్నీ వీళ్ళ ఇళ్ళలోనే. ఆ బసల్ని షుకుబో అంటారు, ఇప్పటికీ రాత్రి ఉండొచ్చు. గడ్డి కప్పు ఉన్న పాత ఇల్లు కూడా ఉంది. ఇక్కడి పిల్లలు బడికి కేబుల్ కారులో దిగి వెళ్తారు.

ఊరి దారిలో ముందుగా ఒక పెద్ద కేయాకి చెట్టు కనబడుతుంది, వెయ్యేళ్ళదని చెప్తారు. జాతీయ ప్రకృతి సంపదగా గుర్తించారు. అక్కడి నుంచి కొట్లు దాటి గుడికి 330 మెట్లు. ఎక్కేటప్పుడు తల దించి చూస్తూ ఎక్కండి. కొన్ని మెట్ల మీద కొమ్ముల దయ్యం మొహం చెక్కి ఉంటుంది. దాన్ని తొక్కుకుంటూ పైకి వెళ్ళాలన్నమాట. పిల్లలకి చెప్తే వాళ్ళు అలసట మర్చిపోయి దయ్యాల్ని వెతుక్కుంటూ ఎక్కేస్తారు.

ఇక తోడేలు. కథ ఇది: యమాతో తాకేరు అనే రాజకుమారుడు తూర్పు దండయాత్రకి వెళ్తూ ఈ కొండల్లో తెల్ల జింక రూపంలో అడ్డొచ్చిన దుష్టశక్తిని చంపాడు. వెంటనే పొగమంచు కమ్మి సైన్యం దారి తప్పింది. అప్పుడొక తెల్ల తోడేలు వచ్చి దారి చూపించింది. 'నువ్వు ఈ కొండ మీదే ఉండి చెడు నుంచి కాపాడు' అని రాజకుమారుడు దానికి చెప్పాడట. అప్పటి నుంచి అది ఇక్కడ దేవత, జనం నోట 'ఓఇను-సామా'. ఇను అంటే కుక్క, అంటే 'కుక్కగారు' అన్నట్టు. తోడేలు బొమ్మ అచ్చేసిన కాగితం గుమ్మానికి అంటించుకుంటే దొంగలూ నిప్పూ రావని నమ్మకం. ఓమే వైపు పాత ఇళ్ళ తలుపుల మీద నల్ల తోడేలు కాగితాలు ఇప్పటికీ చూడొచ్చు. విచిత్రం ఏమిటంటే జపాన్ తోడేలు జాతే లేదిప్పుడు. లెక్కకొచ్చిన చివరిది 1905లో నారా ప్రాంతంలో చచ్చిపోయింది. దేవుడు మిగిలాడు, జంతువు పోయింది.

ఆ పేరు వల్లే జనం పెంపుడు కుక్కల్ని తీసుకొచ్చి పూజ చేయిస్తారు. ఒకసారి మా ముందు ఒక ముసలి షిబా కుక్క, మెడలో కొత్త ఎర్ర పట్టీతో, పూజారి మంత్రం చదువుతున్నంతసేపూ కదలకుండా కూర్చుంది. మా అమ్మ దానికీ ఒక దణ్ణం పెట్టింది. కాలభైరవుడి గుడి దగ్గర కుక్కకి రొట్టె పెట్టే మనిషి కదా, ఆవిడకి ఇందులో వింతేమీ కనబడలేదు.

చరిత్ర ఇష్టమున్నవాళ్ళు గుడి పక్కన నిధుల భవనం చూడండి. 12వ శతాబ్దపు యోధుడు హతాకేయామా షిగెతాదా సమర్పించిన ఎర్ర దారాల కవచం దీని సొత్తు. జాతీయ నిధి.

మేం శాకాహారులం. తిండి ఎలా?

ఇంటి నుంచి పట్టుకెళ్ళండి. అంతకంటే మంచి జవాబు లేదు. చింతపండు పులిహోర ఈ నడక కోసమే పుట్టిందా అనిపిస్తుంది: చల్లారినా బావుంటుంది, పాడవదు, చెమటలో పోయిన ఉప్పు తిరిగొస్తుంది. స్పూన్ మర్చిపోవద్దు. నేను ఒకసారి మర్చిపోయి ఓత్సుకా శిఖరం మీద చేత్తో తిన్నాను, పక్క బల్ల మీది దంపతులు మర్యాదగా కొండల వైపు చూస్తూ కూర్చున్నారు. చేయి కడుక్కోవడానికి తాగే నీళ్ళు సగం అయిపోయాయి. అసలు నష్టం అదీ.

కొట్లో కొనేటట్టయితే ఒనిగిరి ఉంది. అన్నం ముద్ద, చుట్టూ సముద్రపు నాచు ఆకు. మీద అంకెలు 1, 2, 3 వేసి ఉంటాయి. ఒకటి దగ్గర ఎర్ర చారని కిందికి లాగి చుట్టూ తిప్పాలి, తర్వాత రెండో మూల, ఆపైన మూడో మూల లాగితే లోపలి పలచని ప్లాస్టిక్ బయటికొచ్చి నాచు ఆకు కరకరలాడుతూ అన్నానికి అంటుకుంటుంది. వరస తప్పితే ఆకు ప్లాస్టిక్‌లోనే చిరిగిపోతుంది. శాకాహారులకి అందులో కాస్త భయం లేనివి రెండే: ఉత్తి ఉప్పు వేసిన షియో, ఊరవేసిన ఉమె పండు పెట్టిన ఉమెబోషి. కొంబు నాచే అయినా సాధారణంగా చేప రసం కలుపుతారు. ఉమెబోషిలో కూడా కొన్నిటికి చేప పొడి తగిలిస్తారు, కాబట్టి వెనక రాసింది ఫోన్ కెమెరాతో చదివించండి. ఉమెబోషి తొలిసారి కొరికితే మొహం ముడుచుకుంటుంది. ఆవకాయ తిని పెరిగిన నాలుకకి రెండోసారి నచ్చేస్తుంది.

గుడి ఊళ్ళో సోబా నూడుల్స్ కొట్లున్నాయి. పైన కొండ ఆకుకూరలే కనబడతాయి గానీ చారు ఎండు చేప నుంచి దింపిందే. 'చేప వద్దు' అంటే ముక్కలు తీసేసి అదే చారు పోస్తారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ లెక్కలో చారు చేప కాదు. చేప తినేవాళ్ళకి మాత్రం చలిలో ఆ వేడి గిన్నె స్వర్గమే.

నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. వేసవిలో మూడు. మితాకేలో మెషీన్లున్నాయి, మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఎప్పుడు వెళ్తే మంచిది?

నవంబరు మధ్య నుంచి నెలాఖరు దాకా మాపుల్ ఎరుపు. ఫిబ్రవరి చివర నుంచి మార్చి, దిగే వైపు ఉమె పూలు. ఏప్రిల్, మే లేత ఆకులు. ఆగస్టులో మితాకే కేబుల్ కారు పై స్టేషన్ దగ్గరి వాలు మీద రెంగే-షోమా అనే పూలు వేలల్లో పూస్తాయి, మైనంతో చేసిన చిన్న దీపాల్లా తల వంచుకుని ఉంటాయి. కానీ ఆగస్టులో కోరి నుంచి ఎక్కడం అంటే ఆవిరి పట్టడమే.

జూన్ నుంచి జూలై మధ్య దాకా వానలు, వద్దు. డిసెంబరు, జనవరి ఆకాశం అద్దంలా ఉంటుంది, నాకు ఇష్టమైన కాలం. కానీ మంచు పడ్డ వారంలో నీడ వైపు దారి గడ్డకట్టి జారుతుంది. బూటుకి తగిలించుకునే గొలుసు ముళ్ళు సంచీలో ఉండాలి.

ఎలుగుబంట్లు ఉన్నాయా?

ఉన్నాయి. నల్ల ఎలుగులు. ఓకుతామా కొండలు వాటి ఇల్లే. ఈ మధ్య కనబడ్డాయన్న కబుర్లు పెరిగాయి. సంచీకి గంట కట్టుకోండి, మాట్లాడుకుంటూ నడవండి. నలుగురు తెలుగువాళ్ళు కలిసి నడిస్తే గంట అవసరం ఉండకపోవచ్చు. కనబడితే పరిగెత్తొద్దు, వీపు చూపించొద్దు, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. తెల్లారగట్ల, సందెవేళ అవి తిరిగే సమయం. ఒంటరిగా ఆ వేళల్లో వద్దు.

నిజానికి నాకు సెప్టెంబరు, అక్టోబరులో ఎలుగు కంటే సుజుమెబాచి అనే పెద్ద కందిరీగ అంటేనే భయం. నల్ల బట్టలకి అది రెచ్చిపోతుంది. లేత రంగు చొక్కా, తల మీద టోపీ. దగ్గరికొచ్చి చుట్టూ తిరిగితే చేతులు ఊపకుండా వచ్చిన దారిన వెనక్కి వెళ్ళడమే.

జపనీస్ రాదు. దారి తప్పుతామా?

ముఖ్యమైన చీలికల్లో పలకలున్నాయి, మితాకే చుట్టుపక్కల ఇంగ్లీషులో కూడా. హినోదే దాటాక మాత్రం కొన్ని చోట్ల జపనీసే. కొండల పేర్లు జపనీస్ అక్షరాల్లో ఫొటో తీసి పెట్టుకోమని చెప్పేవాణ్ణి, ఇప్పుడు దానికంటే యామాప్ లాంటి యాప్‌లో పటం ముందే దించుకోమంటున్నాను. లోయల్లో సిగ్నల్ పోతుంది, పటం ఫోన్లో ఉంటే మీరెక్కడున్నారో చూపిస్తూనే ఉంటుంది. బయలుదేరే ముందు 'తోజాన్ తోదోకే' ఇవ్వండి. ఎవరెవరు, ఏ దారిన, ఎన్నింటికి దిగుతారో రాసిచ్చే చీటీ అది. ఇప్పుడు ఆన్‌లైన్లోనూ ఇవ్వొచ్చు. ఆపద వస్తే పోలీసులకి 110, అంబులెన్స్‌కి 119.

ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ 'కొన్నిచివా' అంటారు. మీరూ అనండి. ఇరుకు దారిలో ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు పక్కకి తప్పుకోవడం ఆనవాయితీ.

మామూలు స్పోర్ట్స్ బూట్లు చాలవా?

పొడి వాతావరణంలో, కింద గాడి బాగున్నవి అయితే చాలు. అరిగినవి వద్దు. పైన కిందకంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుంది, జీన్స్ కాకుండా త్వరగా ఆరే ప్యాంటు. వాన కోటు ఎండగా ఉన్నా సరే. నుదుటికి కట్టుకునే లైటు కూడా.

లైటు ఎందుకు? పగలే కదా నడిచేది!

డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు. సుగి నీడలో నాలుగింటికే చీకటి. పులిహోర దగ్గర అరగంట, గుడి దగ్గర గంట ఎక్కువ కూర్చుంటే మిమురో దిగుడులోనే పొద్దు గుంకుతుంది. నా గీత ఇది: హినోదే శిఖరం మీద ఒంటిగంటన్నర దాటితే మిమురో వైపు పోను. మితాకేకి వెనక్కి వెళ్ళి కేబుల్ కారెక్కుతాను, లేదా హినోదే నుంచి త్సురుత్సురు వేడినీటి స్నానశాల వైపు దిగి బస్సు పట్టుకుంటాను. త్సురుత్సురు అంటే నున్నగా, జారేట్టు అని. ఆ నీళ్ళలో మునిగి లేచాక చర్మం నిజంగా అలాగే ఉంటుంది. ఒంటి మీద పచ్చబొట్టు ఉన్నవాళ్ళు ముందే అడిగి వెళ్ళండి.

హినోదే తర్వాత ఏముంది? చాలామంది అక్కడే దిగిపోతున్నారు.

హినోదే అంటే సూర్యోదయం. మితాకే నుంచి చూస్తే పొద్దు ఈ కొండ వైపే పొడుస్తుంది కాబట్టి ఆ పేరు. గుడి నుంచి ముప్పావు గంట. శిఖరం మీద తూర్పు వైపు అడ్డేమీ లేదు, టోక్యో చుట్టూ ఉన్న కాంతో మైదానం మొత్తం పరుచుకుని ఉంటుంది. గాలి శుభ్రంగా ఉన్న రోజు టోక్యో స్కైట్రీ టవరు సన్నగా పుల్లలా నిలబడి కనబడుతుంది. దాని అవతల ఎక్కడో నేను అద్దెకుండే గది.

ఇక్కడి దాకా జనం, ఇక్కడి నుంచి ఎవరూ ఉండరు. నాకు నచ్చేది అదే. గుట్ట వెన్ను మీద మెల్లగా ఎక్కుతూ దిగుతూ రెండు గంటలు, మధ్యలో కలప రోడ్డు ఒకటి అడ్డొస్తుంది. మిమురో శిఖరం దారికి కాస్త పక్కగా ఉంటుంది, చూడకుండా దాటిపోవడం తేలిక. పైన పెద్దగా చూడ్డానికి ఏమీ లేదు, అయినా నాలుగో కొండ కాబట్టి ఎక్కుతాను.

దిగితే యోషినో అనే ఊరు, ఉమె చెట్ల వాలు. ఉమెని ప్లమ్ అంటాం గానీ అది మనం తినే ఆల్‌బుఖారా కాదు. చలి తగ్గకముందే, ఆకులు రాకముందే పూసే పువ్వు. అసలు ఓమే అన్న పేరే 'పచ్చి ఉమె' అని. పదో శతాబ్దపు యోధుడు తైరా నో మసకాదో నాటిన కొమ్మ చెట్టయిందనీ, దాని కాయలు ఎప్పటికీ పండకుండా పచ్చగానే ఉండిపోయాయనీ కథ. ఇలాంటి ఊరికి 2009లో గండం వచ్చింది. ప్లమ్ పాక్స్ అనే వైరస్ జపాన్‌లో మొదటిసారి ఇక్కడి చెట్లలోనే బయటపడింది. మనుషులకి హాని లేదు, కానీ చెట్టు నుంచి చెట్టుకి పేనుబంక మోసుకుపోతుంది. మందు లేదు. 2014లో ఉమె పార్కులోని చెట్లని ఒక్కటీ మిగల్చకుండా కొట్టేశారు. 2016 నుంచి మళ్ళీ నాటుతున్నారు. ఇప్పుడు అక్కడ మీరు చూసేవన్నీ చిన్న చెట్లే, కొన్నిటికి ఇంకా ఊతకర్రలు. నాకు మాత్రం ఆ పొట్టి చెట్లు బారుగా పూసినప్పుడు, పక్కన మా అపార్ట్‌మెంటు పిల్లలంత ఎత్తులో గులాబీ రంగు కనబడినప్పుడు, పాత ఫొటోలతో పోల్చాలనిపించదు.

చెత్తబుట్టలు, మరుగుదొడ్లు?

చెత్తబుట్ట ఎక్కడా లేదు, అరటి తొక్కతో సహా ఇంటికి. మరుగుదొడ్లు కోరి దగ్గర, మితాకే ఊళ్ళో, హినోదే శిఖరం కింద. ఆ తర్వాత ఊరు వచ్చేదాకా లేదు. కొండ మీది కొట్లకి చిల్లర నోట్లు పట్టుకెళ్ళండి, కార్డులు నమ్ముకోవద్దు.

హినాతావాదాలో రైలు కళ్ళ ముందే వెళ్ళిపోయింది. ఏం చెయ్యాలి?

ఏమీ చెయ్యొద్దు. ముప్పావు గంట ఉంటుంది. స్టేషన్ దగ్గర రోడ్డు మీద 'హెసో మంజు' అమ్మే పాత కొట్టు ఉంది. హెసో అంటే బొడ్డు. గుండ్రటి చిన్న ముద్ద, నడుమ బొడ్డులాంటి గుంట, లోపల తియ్యటి చిక్కుడు గింజల పూర్ణం. ఆవిరి మీద ఉడికించింది, శాకాహారులు ఒకసారి అడిగి తీసుకోండి. వేడిగా ఉంటే కాగితం సంచీ చేతిని కాలుస్తుంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ దగ్గర బూట్ల బురద పుల్లతో గీక్కోండి, రైలు పెట్టెలో నేల శుభ్రంగా ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటి తింటూ, ఎదురుగా చీకటి పడుతున్న గుట్టల వరసలో ఏది మిమురో, ఏది హినోదే అని వాదించుకోండి. రైలొచ్చి ఆగాక బొత్తాం నొక్కడం మాత్రం మర్చిపోకండి.